పీఎల్ఏ బ్లెండ్లలో స్ఫటికీకరణ, ఉష్ణ ప్రవర్తన: డీఎస్‌సీలో ఏ పీక్ ఎవరిదో తేల్చి కొలిచే విధానం

పీఎల్ఏ (పాలీలాక్టిక్ యాసిడ్ అనే బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్) ఒక్కదాన్నే డీఎస్‌సీలో (శాంపిల్ పీల్చుకునే, వదిలే వేడిని ఉష్ణోగ్రతతో పాటు కొలిచే యంత్రం) పెడితే గ్రాఫ్ చదవడం పెద్ద కష్టం కాదు. 60 డిగ్రీల దగ్గర గ్లాస్ ట్రాన్సిషన్ (గాజులాంటి గట్టిదనం పోయి మెత్తబడటం, గ్రాఫ్‌లో ఒక మెట్టు), 100 దాటాక కోల్డ్ క్రిస్టలైజేషన్ (వేడి చేస్తుండగా స్ఫటికం కట్టడం), 150 నుంచి 180 మధ్య కరుగుదల వరసగా కనిపిస్తాయి. అందులో మరో బయోడిగ్రేడబుల్ పాలిమర్ కలిపారంటే లెక్క మారిపోతుంది. పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్) సరిగ్గా పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గరే కరుగుతుంది. పీబీఏటీ (పాలీబ్యుటిలీన్ అడిపేట్ టెరెఫ్తాలేట్), పీబీఎస్ (పాలీబ్యుటిలీన్ సక్సినేట్) రెండూ పీఎల్ఏ కోల్డ్ క్రిస్టలైజేషన్ జరిగే చోటే కరుగుతాయి. పీహెచ్‌బీ (పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్) ఏకంగా పీఎల్ఏ కరిగే చోటే కరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఇవేవీ తెలియవు. రెండు హద్దులు చూపిస్తే మధ్యనున్న వైశాల్యం ఎంతో చెప్పి ఊరుకుంటుంది. బ్లెండ్ల మీద వచ్చే తప్పుడు స్ఫటిక శాతాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి దశా పీక్‌ని కొలవడానికి ముందు అది ఎవరిదో తేల్చడం చుట్టూ తిరుగుతుంది.

ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే. ఎక్కడైనా కెల్విన్ వాడాల్సి వస్తే విడిగా చెప్పాం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు

గ్రేడుని బట్టి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. చివరి అంకె నూరు శాతం స్ఫటికమైతే కరగడానికి పట్టే వేడి. సాహిత్యంలో ఎక్కువగా వాడే విలువలు ఇవి.

- పీఎల్ఏ: గ్లాస్ ట్రాన్సిషన్ 55–62, కరుగుదల 150–180, గ్రాముకి 93 జౌళ్లు.
- పీసీఎల్: గ్లాస్ ట్రాన్సిషన్ సుమారు −60, కరుగుదల 56–62, గ్రాముకి 139.5 జౌళ్లు.
- పీబీఏటీ: గ్లాస్ ట్రాన్సిషన్ సుమారు −30, కరుగుదల 110–125 మధ్య వెడల్పాటి పీక్, గ్రాముకి 114 జౌళ్లు.
- పీబీఎస్: గ్లాస్ ట్రాన్సిషన్ సుమారు −32, కరుగుదల 112–115, గ్రాముకి 110.3 జౌళ్లు. దీనికి 200 వాడేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఏది వాడారో రాయకపోతే మీ శాతానికి అర్థం ఉండదు.
- పీహెచ్‌బీ: గ్లాస్ ట్రాన్సిషన్ 0–5, కరుగుదల 170–180, గ్రాముకి 146 జౌళ్లు.

పీఎల్ఏ విషయంలో డీ–ఐసోమర్ (లాక్టిక్ యూనిట్‌కి అద్దంలో ప్రతిబింబంలాంటి రూపం) శాతం కూడా చూడాలి. అది పెరిగేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, స్ఫటికీకరణ నెమ్మదిస్తుంది. 10–12 శాతం దాటిన గ్రేడు స్ఫటికమే కట్టదు. అలాంటి గ్రేడుకి న్యూక్లియేటింగ్ ఏజెంట్ (స్ఫటికానికి బీజం వేసే పదార్థం) ఎంత కలిపినా ఫలితం ఉండదు. డేటాషీట్ చూడకుండా పని మొదలుపెట్టొద్దు.

దశ 1: ఆరబెట్టడం, కలపడం

పీఎల్ఏ ఎస్టర్ బంధాల గొలుసు. కరిగిన స్థితిలో తేమ తగిలితే ఆ గొలుసు తెగుతుంది. పొట్టి గొలుసులు త్వరగా స్ఫటికమవుతాయి కాబట్టి, సరిగా ఆరని శాంపిల్‌లో స్ఫటికీకరణ వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని రెండో పాలిమర్ చేసిన మేలు అనుకోవడం చాలా సులువు. స్ఫటిక రూపంలో ఉన్న పీఎల్ఏ గుళికలను 80 డిగ్రీల దగ్గర 4–6 గంటలు వాక్యూమ్‌లో ఆరబెట్టండి. తేమ 0.025 శాతం లోపుకి రావాలి. అమార్ఫస్ (స్ఫటికం కట్టని) గుళికలను 80 దగ్గర పెడితే ఒకదానికొకటి అతుక్కుని ముద్ద అవుతాయి. వాటికి 45–50 డిగ్రీలే, సమయం మాత్రం ఎక్కువ ఇవ్వాలి. పీబీఏటీకి 60–70 డిగ్రీలు సరిపోతాయి. పీసీఎల్‌ని 40 దాటనివ్వొద్దు, 60 దగ్గర అది కరిగిపోతుంది.

బ్యాచ్ మిక్సర్‌లో కలుపుతుంటే చాంబర్ ఘనపరిమాణంలో 70 శాతం నింపండి. 60 ఘన సెంటీమీటర్ల చాంబర్ అయితే, కరిగిన పదార్థం సాంద్రత 1.1 అనుకుంటే, 46 గ్రాములు పడుతుంది. ఉష్ణోగ్రత 180, వేగం నిమిషానికి 60 తిప్పులు, సమయం 6–8 నిమిషాలు. టార్క్ (మిక్సర్ తిరగడానికి పట్టే బలం) గ్రాఫ్ స్థిరపడ్డాక కూడా కిందికి జారుతూనే ఉంటే గొలుసులు తెగుతున్నాయని అర్థం. కలపడం అక్కడితో ఆపండి.

నిష్పత్తులు 100/0, 90/10, 80/20, 70/30, 50/50, 0/100 ఉంటే ధోరణి స్పష్టంగా తెలుస్తుంది. ఇందులో 100/0 అంటే సంచిలోంచి తీసిన గుళిక కాదు. అదే మిక్సర్‌లో, అదే ఉష్ణోగ్రతలో, అంతే సేపు తిరిగిన పీఎల్ఏ. ఈ ఒక్క జాగ్రత్త లేని బ్లెండ్ డేటాని నమ్మలేం. గుళికతో పోల్చినప్పుడు కనిపించే తేడాలో మిక్సర్ వంతెంతో, రెండో పాలిమర్ వంతెంతో విడదీసే దారి ఉండదు.

క్లోరోఫామ్‌లో కరిగించి ఫిల్మ్ పోసే పద్ధతిలో అయితే ద్రావకం వదిలించుకోవడమే పెద్ద పని. పీఎల్ఏలో మిగిలిపోయిన క్లోరోఫామ్ ప్లాస్టిసైజర్‌లా (మెత్తబరిచే పదార్థంలా) పనిచేసి గ్లాస్ ట్రాన్సిషన్‌ని కిందికి లాగుతుంది. చూసినవాళ్లకి రెండు పాలిమర్లు కలిసిపోయాయన్న భ్రమ కలుగుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో ఆవిరి కానిచ్చాక బరువు మారనంతవరకు వాక్యూమ్‌లో ఉంచండి. తర్వాత టీజీఏలో (వేడి చేస్తూ బరువు మార్పు కొలిచే యంత్రం) 150 డిగ్రీల లోపు బరువు తగ్గడం లేదని చూసుకున్నాకే ముందుకెళ్లండి.

చివరగా 180–190 దగ్గర 2–3 నిమిషాలు ప్రెస్ చేసి పలకలు తీయండి. చల్లబరిచే పద్ధతి అన్ని నిష్పత్తులకీ ఒకటే ఉండాలి. ఒకదాన్ని ఐస్ నీళ్లలో ముంచి, ఇంకొకదాన్ని ప్రెస్‌లోనే వదిలేస్తే మీరు పోల్చేది చల్లబడిన తీరునే తప్ప బ్లెండ్లను కాదు.

దశ 2: డీఎస్‌సీ కంటే ముందు టీజీఏ

చాలామంది టీజీఏని చివరికి వదిలేస్తారు. నిజానికి డీఎస్‌సీలో ఎంత వేడి వరకు వెళ్లొచ్చో చెప్పేది అదే. 5–10 మి.గ్రా. శాంపిల్, నైట్రోజన్ ప్రవాహం, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 600 వరకు. పీఎల్ఏ 300 దాటాక బరువు కోల్పోవడం మొదలుపెట్టి 350–370 దగ్గర అత్యధిక వేగం చూపుతుంది. పీబీఏటీ, పీసీఎల్ 400 ప్రాంతంలో, పీహెచ్‌బీ 270–290 లోనే పోతాయి. ఉత్పన్న వక్రంలో రెండు పీక్‌లు విడిగా కనిపిస్తే బరువు వక్రంలో వాటి మెట్ల ఎత్తుల నిష్పత్తితో మీ బ్లెండ్ నిజంగా 80/20 ఉందో లేదో కూడా సరిచూసుకోవచ్చు. గుళికలు తూచడంలో జరిగిన పొరపాట్లు ఇక్కడ బయటపడతాయి.

దీనితో పాటు ఇంకో చిన్న పరీక్ష: డీఎస్‌సీలో వాడబోయే గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర, అంటే 190 లేదా 200 దగ్గర, 10 నిమిషాలు నిలిపి బరువు చూడండి. బరువు తగ్గితే ఆ ఉష్ణోగ్రత పనికిరాదు. బరువు తగ్గకపోయినంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు. గొలుసు మధ్యలో తెగినా ముక్కలు ఆవిరి కానంతవరకు త్రాసుకి ఏమీ తెలియదు. ముఖ్యంగా పీహెచ్‌బీ 180 దగ్గరే అణుభారం కోల్పోతుంది, దాని బరువు మాత్రం ఇంకా చాలా పైదాకా నిలకడగా ఉంటుంది. పీహెచ్‌బీ ఉన్న బ్లెండ్లకి గరిష్ఠం 185, అక్కడ ఆగేది 1–2 నిమిషాలే. అనుమానముంటే కరిగించి చల్లబరచడం వరసగా మూడుసార్లు చేయండి. ప్రతిసారీ కరుగుదల పీక్ కిందికి జారుతుంటే శాంపిల్ పాన్‌లోనే పాడవుతోందన్నమాట.

దశ 3: యంత్రం, పాన్

ఇండియంతో క్యాలిబ్రేషన్ సరిచూడండి. కరుగుదల ఆరంభం 156.6, వేడి గ్రాముకి 28.5 జౌళ్ల దగ్గర రావాలి. బ్లెండ్ కరిగే పరిధికి పై హద్దు కూడా కావాలంటే 231.9 దగ్గర కరిగే తగరం ఉంది.

శాంపిల్ 5–7 మి.గ్రా. ఉండాలి. అన్ని శాంపిళ్ల బరువూ 0.2 మి.గ్రా. తేడాలోపు ఉంటే గ్రాఫుల్ని పక్కపక్కన పెట్టి చూడటం సులువు. పలకలోంచి పంచ్‌తో పల్చటి బిళ్ల తీసి పాన్ అడుగున చదునుగా పరవండి. తుంపులు తుంపులుగా వేస్తే మొదటి వేడిలో అవి మెత్తబడి సర్దుకునేటప్పుడు 60–80 మధ్య చిన్న గతుకులు వస్తాయి. వాటికి పేర్లు పెట్టి విశ్లేషించిన వ్యాసాలూ లేకపోలేదు. మూత బిగించేటప్పుడు పాన్ అడుగు ఉబ్బితే ఆ పాన్ పారేసి ఇంకొకటి తీసుకోండి. అడుగు చదునుగా లేకపోతే పీక్‌లు వెడల్పయి ఆలస్యంగా వస్తాయి. పరీక్ష అయ్యాక పాన్‌ని మళ్లీ తూచండి. బరువు తగ్గితే తేమో, ద్రావకమో, విచ్ఛిన్నమో ఏదో జరిగింది.

నైట్రోజన్ నిమిషానికి 50 మి.లీ. ప్రారంభ ఉష్ణోగ్రత మొదటి మార్పు కంటే కనీసం 30 డిగ్రీలు కింద ఉండాలి. పీబీఏటీ, పీబీఎస్‌లకి −70 చాలు. పీసీఎల్ గ్లాస్ ట్రాన్సిషన్ చూడాలంటే −90 వరకు వెళ్లగల కూలింగ్ కావాలి. సెల్ చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే గాలిలో తేమ లోపల మంచుగా పేరుకుంటుంది. తర్వాత సరిగ్గా 0 దగ్గర వచ్చే చిన్న పీక్ ఆ మంచుదే. పీహెచ్‌బీ బ్లెండ్‌లో అది గ్లాస్ ట్రాన్సిషన్ మీదే కూర్చుంటుంది, జాగ్రత్త.

దశ 4: వేడి, చల్లదనం, మళ్లీ వేడి

1. ప్రారంభ ఉష్ణోగ్రత దగ్గర 3 నిమిషాలు ఆగండి.
2. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 200 వరకు వేడి చేయండి. పీహెచ్‌బీ ఉంటే 185.
3. అక్కడ 3 నిమిషాలు ఆగండి. మరీ తక్కువైతే పాత స్ఫటికాల అవశేషాలు మిగిలి కొత్త స్ఫటికాలకి బీజాలవుతాయి. మరీ ఎక్కువైతే గొలుసులు తెగుతాయి.
4. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున ప్రారంభానికి చల్లబరచండి.
5. అదే వేగంతో మళ్లీ 200 వరకు వేడి చేయండి.

మొదటి వేడిలో కనిపించేది పలక తయారైన చరిత్ర: ఎంత త్వరగా చల్లబడింది, ఎన్నాళ్లు అలమారాలో ఉంది అన్నది. రెండో వేడిలో అన్ని శాంపిళ్లకీ చరిత్ర ఒకటే కాబట్టి నిష్పత్తుల్ని పోల్చడానికి అదే సరైనది. తయారైన వస్తువు ఎంత స్ఫటికమై ఉందన్నది ప్రశ్న అయితే మాత్రం మొదటి వేడినే చూడాలి. రెండింటినీ కలగలిపి ఒకే పట్టికలో వేయొద్దు.

మొదటి వేడిలో పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్ మెట్టు మీద కరుగుదలలాంటి చిన్న పీక్ వస్తుంది. గది ఉష్ణోగ్రతలో నిలవున్న పీఎల్ఏ మెల్లగా సర్దుకుపోవడం వల్ల వచ్చే ఎంథాల్పీ రిలాక్సేషన్ అది. నిలవ రోజులు పెరిగితే అదీ పెరుగుతుంది. దాన్ని స్ఫటిక వేడిలో కలపకూడదు. శాంపిళ్లన్నింటినీ తయారైన తర్వాత ఒకే వ్యవధికి పరీక్షిస్తే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

నిమిషానికి 10 డిగ్రీల చొప్పున చల్లబరిచితే మామూలు పీఎల్ఏ దాదాపు ఏమీ స్ఫటికమవ్వదు. గ్రాఫ్ చదునుగా కిందికి పోతుంది. చల్లదనంలో ఏదైనా తేడా చూడాలంటే నిమిషానికి 2 డిగ్రీల పరుగు ఒకటి అదనంగా చేయండి. న్యూక్లియేటింగ్ ఏజెంట్‌గా 1 శాతం టాల్క్ ఉన్న శాంపిల్‌కి 10 డిగ్రీల వేగంలోనే 100 ప్రాంతంలో పీక్ వస్తుంది.

దశ 5: ఏ పీక్ ఎవరిది

*పీఎల్ఏ/పీసీఎల్.* వేడిలో 60 దగ్గర పీసీఎల్ కరుగుదల, పీఎల్ఏ గ్లాస్ ట్రాన్సిషన్, రిలాక్సేషన్ మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ గ్లాస్ ట్రాన్సిషన్ చదవడానికి ప్రయత్నించడమే దండగ. చల్లబరిచిన గ్రాఫ్‌లోకి వెళ్లండి. కరిగిన పీసీఎల్ 30 ప్రాంతానికి దిగితే గానీ స్ఫటికం కట్టదు. కాబట్టి కిందికి వస్తున్నప్పుడు 55 దగ్గర పీఎల్ఏ మెట్టు ఒంటరిగా, శుభ్రంగా కనిపిస్తుంది. చల్లదనంలో చదివిన విలువ వేడిలో చదివిన దానికంటే కాస్త తక్కువ ఉంటుంది. పోల్చేటప్పుడు మిక్సర్‌లో తిరిగిన పీఎల్ఏ విలువ కూడా చల్లదనంలోంచే తీసుకోండి.

అదే చల్లదనంలో ఇంకో విషయం గమనించండి. పీసీఎల్ 10–20 శాతమే ఉండి చిన్న చిన్న బిందువులుగా చెదిరితే, దాని స్ఫటికీకరణ పీక్ 30 నుంచి ఇంకా కిందికి జారుతుంది, లేదా రెండుగా చీలుతుంది. స్ఫటికాన్ని మొదలుపెట్టే మలినం ప్రతి బిందువులోనూ ఉండదు. అది లేని బిందువు ఇంకా చల్లబడేదాకా ఆగాల్సిందే. ఇలా చీలిన పీక్ చూసి పీసీఎల్‌లో రెండు రకాల స్ఫటికాలున్నాయని రాయకండి. బిందువుల పరిమాణం గురించి అది చెబుతున్న మాట వేరు.

*పీఎల్ఏ/పీబీఏటీ.* కష్టమైన జంట ఇదే. పీబీఏటీ 100–125 మధ్య వేడి పీల్చుకుంటూ కరుగుతుంటే, అదే చోట పీఎల్ఏ వేడి వదులుతూ స్ఫటికమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తెరమీద కనిపించే కోల్డ్ క్రిస్టలైజేషన్ వైశాల్యం నిజమైనదానికంటే తక్కువగా ఉంటుంది. దాన్ని కరుగుదల వేడిలోంచి తీసేస్తే మిగిలేది ఎక్కువవుతుంది, అంటే బ్లెండ్‌లో స్ఫటిక శాతం పెరిగినట్టు తేలుతుంది. పీబీఏటీ పీఎల్ఏని బాగా స్ఫటికం చేస్తుందన్న మాట ఎక్కడైనా కనిపిస్తే, ముందు ఈ వైశాల్యం ఎలా కొలిచారో చూడండి.

విడదీయడానికి మూడు దారులున్నాయి. మొదటిది వేడి వేగం మార్చడం. కోల్డ్ క్రిస్టలైజేషన్ కాలంతో ముడిపడ్డ ప్రక్రియ కాబట్టి నిమిషానికి 2 డిగ్రీలకి తగ్గిస్తే గణనీయంగా కిందికి జరుగుతుంది, పీబీఏటీ కరుగుదల మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రెండోది తీసివేత: పీబీఏటీ ఒక్కదాన్నే అదే చరిత్రతో నడిపి, దాని వక్రాన్ని 0.2తో గుణించి, 80/20 బ్లెండ్ వక్రంలోంచి తీసేయడం. బ్లెండ్‌లో కూడా పీబీఏటీ విడిగా ఉన్నట్టే స్ఫటికమవుతుందన్న ఊహ ఇందులో దాగుంది కాబట్టి ఫలితాన్ని అంచనాగానే రాయండి. మూడోది మాడ్యులేటెడ్ డీఎస్‌సీ (ఉష్ణోగ్రతని చిన్న ఊపులతో పెంచి సంకేతాన్ని రెండుగా విడదీసే పద్ధతి): నిమిషానికి 2 డిగ్రీలు, 60 సెకన్ల ఆవర్తనం, అర డిగ్రీ ఊపు. గ్లాస్ ట్రాన్సిషన్ రివర్సింగ్ సంకేతంలోకి, కోల్డ్ క్రిస్టలైజేషన్, రిలాక్సేషన్ నాన్ రివర్సింగ్‌లోకి వెళ్తాయి. కరుగుదల మాత్రం రెండింట్లోనూ పంచుకుంటుంది. అందుకని దీన్ని గుర్తుపట్టడానికి వాడండి, కరుగుదల వైశాల్యం కొలవడానికి వద్దు.

*పీఎల్ఏ/పీబీఎస్.* పైదే కథ, ఒక చిక్కు అదనం. పీబీఎస్ కరగబోయే ముందు తానే పునఃస్ఫటికమై చిన్న ఉష్ణ విడుదల చూపుతుంది. పీఎల్ఏ కోల్డ్ క్రిస్టలైజేషన్ కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. పీబీఎస్ ఒక్కదాని గ్రాఫ్ పక్కన పెట్టుకోకుండా ఇక్కడ ఏ పీక్‌కీ పేరు పెట్టొద్దు.

*పీఎల్ఏ/పీహెచ్‌బీ.* రెండూ 170 ప్రాంతంలో కరుగుతాయి, విడి శాతాలు డీఎస్‌సీతో రావు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి వెళ్లాలి. రాగి కె–ఆల్ఫాతో పీఎల్ఏకి 16.7, 19.1 డిగ్రీల దగ్గర, పీహెచ్‌బీకి 13.5, 16.9 దగ్గర బలమైన రేఖలుంటాయి (ఇవి ఉష్ణోగ్రతలు కావు, 2 థీటా కోణాలు). 16.7, 16.9 కలిసిపోతాయి కాబట్టి పీహెచ్‌బీని 13.5తో, పీఎల్ఏని 19.1తో గుర్తుపట్టండి.

ఏ జంటైనా పీఎల్ఏ కరుగుదల పీక్ రెండుగా కనిపించినంత మాత్రాన రెండో పాలిమర్‌ని వెతకనక్కర్లేదు. 100–110 కంటే కింద ఏర్పడ్డ ఆల్ఫా ప్రైమ్ స్ఫటికాలు (ఆల్ఫా కంటే క్రమం తక్కువైన రూపం) వేడిలో సర్దుకుని ఆల్ఫాగా మారతాయి. కరుగుదలకి సరిగ్గా ముందు వచ్చే చిన్న ఉష్ణ విడుదల ఆ మార్పుదే. మామూలుగా కరిగి, మళ్లీ స్ఫటికమై, మళ్లీ కరిగినా రెండు పీక్‌లు వస్తాయి. తేల్చుకోవాలంటే వేడి వేగాన్ని 5, 10, 20 డిగ్రీలుగా మార్చండి. వేగం పెరిగేకొద్దీ పై పీక్ చిన్నదవుతుంటే అది వేడి చేస్తుండగా పుట్టిన స్ఫటికాలదే.

దశ 6: స్ఫటిక శాతం లెక్క

సూత్రం సులువైనదే. కరుగుదల వేడిలోంచి కోల్డ్ క్రిస్టలైజేషన్ వేడి తీసేసి, మిగిలినదాన్ని పీఎల్ఏ భారవంతు, 93ల లబ్ధంతో భాగించి, 100తో గుణించాలి. కరుగుదలకి ముందొచ్చే చిన్న ఉష్ణ విడుదల ఉంటే దాన్నీ తీసేయాలి.

పీఎల్ఏ/పీసీఎల్ 80/20లో కోల్డ్ క్రిస్టలైజేషన్ గ్రాముకి 22.4, కరుగుదల 33.6 జౌళ్లు వచ్చాయనుకుందాం. తేడా 11.2. భాజకం 0.8 × 93 = 74.4. స్ఫటిక శాతం 15.1. భారవంతు మర్చిపోతే 12.0 వస్తుంది. కోల్డ్ క్రిస్టలైజేషన్ తీసేయడం మర్చిపోతే ఏకంగా 45.2. ఒకే గ్రాఫ్‌లోంచి ఈ మూడు అంకెల్లో ఏదైనా బయటకు రావొచ్చు, అందుకే లెక్క కట్టిన తీరు అంకె పక్కనే రాయాలి. టాల్క్ 1 శాతం కలిపితే పీఎల్ఏ వంతు 0.8 కాదు, 0.792.

బేస్‌లైన్ హద్దులు ఎక్కడ పెట్టారన్నది ఇంకో మెలిక. పీఎల్ఏ కోల్డ్ క్రిస్టలైజేషన్ తోక కొన్నిసార్లు 140 దాకా సాగుతుంది. 120 దగ్గరే గీత ఆపితే ఆ తోక లెక్కలోంచి జారిపోయి స్ఫటిక శాతం ఎక్కువగా వస్తుంది. రెండో వేడికి ముందు పీఎల్ఏ పూర్తిగా అమార్ఫస్ అని ఎక్స్‌రేలో తేలితే, రెండు వైశాల్యాలూ దాదాపు సమానం రావాలి. మీ హద్దులు సరైనవో కాదో చూడటానికి ఇది మంచి పరీక్ష.

దశ 7: కలిసిపోయాయా, విడిగా ఉన్నాయా

కలిసిపోయిన బ్లెండ్‌కి గ్లాస్ ట్రాన్సిషన్ ఎక్కడ ఉండాలో ఫాక్స్ సమీకరణం చెబుతుంది. ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో వేయాలి, సెల్సియస్‌లో వేస్తే అర్థంలేని అంకె వస్తుంది. పీఎల్ఏ 333, పీబీఏటీ 243 తీసుకుంటే 80/20కి 0.8/333 + 0.2/243 = 0.003225. దాని విలోమం 310 కెల్విన్, అంటే 37 డిగ్రీలు. గ్రాఫ్‌లో పీఎల్ఏ మెట్టు 58–60 దగ్గరే నిలబడి ఉంటే అవి కలవలేదన్నమాట. ఒకటి రెండు డిగ్రీలు జరిగినంత మాత్రాన పాక్షికంగా కలిశాయని రాయడం తొందరపాటు. అంత మార్పు తేమ వల్లా వస్తుంది, గొలుసు తెగడం వల్లా వస్తుంది.

ఒకే మెట్టు కనిపించడం కూడా సాక్ష్యం కాదు. 20 శాతం పీబీఏటీ మెట్టు −30 దగ్గర ఎంత చిన్నగా ఉంటుందంటే నిమిషానికి 10 డిగ్రీల వేగంలో బేస్‌లైన్‌లో కలిసిపోతుంది. వేగం 20కి పెంచండి, లేదా డైనమిక్ మెకానికల్ విశ్లేషణ (శాంపిల్‌ని ఊపుతూ దాని స్పందన కొలిచే పద్ధతి) చేయండి. అందులో టాన్ డెల్టా (ఊపులో పోయే శక్తి కొలత) పీక్‌గా స్పష్టంగా బయటపడుతుంది.

దశ 8: సమోష్ణ స్ఫటికీకరణ, అవ్రామి

ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిపి స్ఫటికీకరణ వేగం కొలిచే దశ ఇది. 200 దగ్గర 3 నిమిషాలు ఉంచి, యంత్రం తట్టుకోగలిగినంత వేగంగా, నిమిషానికి 50 డిగ్రీల పైనే, ఎంచుకున్న ఉష్ణోగ్రతకి దించండి. పీఎల్ఏకి 90 నుంచి 130 వరకు 5 డిగ్రీల మెట్లు సరిపోతాయి. వేగం ఎక్కువగా ఉండేది 105–110 ప్రాంతంలో. పీబీఏటీ, పీబీఎస్ బ్లెండ్లకి 100 కంటే కిందికి వెళ్లొద్దు. అక్కడ రెండో పాలిమర్ కూడా స్ఫటికం కట్టడం మొదలుపెట్టి పీక్‌లు కలిసిపోతాయి. పీసీఎల్‌కి ఆ బెడద లేదు, ఈ పరిధి అంతటా అది ద్రవమే. ప్రతి ఉష్ణోగ్రతకీ కొత్త శాంపిల్ వాడండి. ఒకే పాన్‌ని తొమ్మిదిసార్లు 200కి తీసుకెళ్తే చివరి ఫలితాలు తెగిన గొలుసులవి అవుతాయి.

ఉష్ణ ప్రవాహం పూర్తిగా చదునయ్యేదాకా ఆపొద్దు. మామూలు పీఎల్ఏకి గంట పైన పట్టొచ్చు. తర్వాత చల్లబరచకుండా అక్కడి నుంచే నేరుగా వేడి చేసి కరుగుదల చూడండి.

మెల్విన్ అవ్రామి 1939–41 మధ్య ఇచ్చిన సమీకరణంలో స్ఫటికం కాని వంతు = ఈ పవర్ (మైనస్ కె × కాలం పవర్ ఎన్). చివరికి కట్టే స్ఫటికంలో అప్పటికి కట్టిన వంతు ఎక్స్. లాగ్[−ఎల్ఎన్(1−ఎక్స్)]ని లాగ్ కాలం ఎదురుగా గీస్తే వాలు ఎన్, ఖండం లాగ్ కె. ఇక్కడ మూడుచోట్ల కాలు జారుతుంది. ఒకటి, సున్నా కాలం. యంత్రం ఉష్ణోగ్రత స్థిరపడిన క్షణాన్ని సున్నాగా తీసుకుని, పీక్ ఆరంభం అయ్యేదాకా ఉన్న ఇండక్షన్ కాలాన్ని విడిగా రాసి తీసేయండి. అది తీసేయకపోతే ఎన్ విలువ 4, 5 దాకా ఎగబాకుతుంది. రెండు, పరిధి. ఎక్స్ 0.03–0.20 మధ్య గీత తిన్నగా ఉంటుంది. చివరి భాగంలో స్ఫటిక గోళాలు ఒకదానికొకటి తగులుకుని ఈ సమీకరణం ఊహించిన పరిస్థితే ఉండదు. మూడు, కె ప్రమాణం. అది ఎన్ మీద ఆధారపడుతుంది, కాబట్టి ఎన్ వేరువేరుగా ఉన్న రెండు శాంపిళ్ల కె విలువలు పోల్చడం కుదరదు. అర్ధకాలాన్ని (సగం స్ఫటికం కట్టడానికి పట్టే సమయం) పోల్చండి.

అర్ధకాలం = (0.693/కె) పవర్ (1/ఎన్). ఎన్ 2.5, కె 0.0125 అయితే, కాలం నిమిషాల్లో ఉంటే, 5.0 నిమిషాలు వస్తుంది. ఇదే విలువ ఎక్స్ 0.5ని దాటే చోట గ్రాఫ్‌లో నేరుగా చదివి చూడండి. రెండూ పది శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే సున్నా కాలం తప్పు పెట్టారు, లేదా బేస్‌లైన్ వాలిపోయింది.

చల్లబరుస్తూ తీసిన డేటాకి కిసింజర్ పద్ధతి (వేగం మార్చితే పీక్ ఎంత జరుగుతుందో చూసి లెక్క కట్టేది) వేసి ఉత్తేజన శక్తి చెప్పడం మాత్రం మానేయండి. ఆ పద్ధతి వేడి చేసేటప్పటి ప్రక్రియకి కట్టింది. చల్లదనంలో వేగం ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, రుణగుర్తు తీసేసి దాన్ని బలవంతంగా ఇమిడ్చితే వచ్చే అంకెకి భౌతికార్థం ఉండదు.

హాఫ్‌మన్–వీక్స్ గీత (స్ఫటికీకరణ ఉష్ణోగ్రత ఎదురుగా కరుగుదల ఉష్ణోగ్రత) గీసి సమతుల్య కరుగుదల ఉష్ణోగ్రత తీయాలనుకుంటే 120 పైన స్ఫటికీకరించిన బిందువులే వాడండి. కింది బిందువులు ఆల్ఫా ప్రైమ్‌వి, గీత వంగిపోతుంది.

దశ 9: అర్ధకాలం ఎందుకు తగ్గింది

బ్లెండ్‌లో అర్ధకాలం తగ్గితే కారణం రెండింట్లో ఒకటి. బీజాలు పెరిగి ఉండొచ్చు, లేదా గొలుసుల కదలిక పెరిగి ఉండొచ్చు. డీఎస్‌సీ ఈ రెండింటినీ విడదీయలేదు. హాట్ స్టేజ్ ఉన్న పోలరైజ్డ్ మైక్రోస్కోప్ విడదీస్తుంది. రెండు కవర్ గ్లాసుల మధ్య 10–20 మైక్రాన్ల పొర, 200 దగ్గర 2 నిమిషాలు, తర్వాత 125–130కి దించండి. క్రమ వ్యవధుల్లో ఫొటోలు తీసి ఒక్కో గోళం వ్యాసార్థాన్ని కాలంతో గీయండి. ఆ గీత వాలే పెరుగుదల వేగం.

పెరుగుదల వేగం పీఎల్ఏదే ఉండి గోళాల సంఖ్య మాత్రం పెరిగితే రెండో పాలిమర్ అంచులు బీజాలుగా పనిచేస్తున్నాయి. పీఎల్ఏ/పీసీఎల్‌లో మామూలుగా కనిపించేది ఇదే, కరిగిన పీసీఎల్ బిందువులు గోళం లోపలే ఇరుక్కుని కనిపిస్తాయి. వేగమే పెరిగితే కదలిక పెరిగినట్టు. అప్పుడు గ్లాస్ ట్రాన్సిషన్ కూడా కిందికి జరిగి ఉండాలి. వేగం పెరిగి గ్లాస్ ట్రాన్సిషన్ కదలకపోతే, మిక్సర్‌లో తిరిగిన బ్లెండ్ అణుభారాన్ని జీపీసీలో (అణుభారం కొలిచే క్రొమటోగ్రఫీ) చూడండి. ఎక్కువసార్లు అక్కడ దొరుకుతుంది కారణం.